నోటిమాట జత

...ఓటు వేసే ఉంటాడు. నోటిమాటకు కట్టుబడి ఊరుకోవడానికి ఆ ముసలి ప్రాట్‌కేం పట్టింది?

శాసనసభ మెట్లమీద బూట్ల మంచు దులుపుకుంటూ, ఆరిన్ టటిల్ ఆ అనుమానాన్నే మళ్ళీ నెమరేసుకున్నాడు.

భార్య డీలియా చెయ్యి తన చేతిలో చల్లబడుతున్నప్పుడు కూడా అతని మనసు ఇక్కడే తిరిగింది. అది తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

1909 అది. అమెరికాలోని ఆ రాష్ట్రంలో సెనేటర్‌ని ఎన్నుకోవలసింది శాసనసభ్యులే. నెలన్నరగా ప్రతి మధ్యాహ్నం పేర్లు పిలుస్తున్నారు. ఎవరికీ కావలసిన యాభై ఓట్లు రావడం లేదు.

డీలియాకు బాగాలేదని తంతి వచ్చిన రోజున సొంత పార్టీవాళ్ళు ఆరిన్‌ని కదలనివ్వలేదు.

నడవా అవతల ఎదుటి పార్టీ కుర్చీల్లోంచి ఎజ్రా ప్రాట్ లేచి వచ్చాడు. అంతవరకూ ఇద్దరికీ పలకరింపైనా లేదు.

"ఇంటికి వెళ్ళండి, టటిల్ గారూ. మనం జత. మీవైపు ఒక ఓటు తగ్గితే మావైపూ ఒకటి తగ్గుతుంది. మళ్ళీ ఇద్దరం ఈ కుర్చీల్లో కూర్చునేదాకా మీరూ ఓటెయ్యరు, నేనూ వెయ్యను."

"కాగితం రాసుకుందామా?"

"రాసేలోపు మీ రైలు పోతుంది."

పార్టీ నాయకుడు హాస్కెల్ పకపకా నవ్వాడు. "నువ్వు స్టేషన్ చేరకముందే ఓటేసేస్తాడు చూడు, వెర్రిబాగులోడా!"

ఇవాళ ఆ హాస్కెలే గుమ్మంలో ఎదురొచ్చి భుజం పట్టుకున్నాడు.

"డీలియా సంగతి విన్నాం. పాపం. సరే, కూర్చో, కూర్చో! నీ ఓటు పడితే మనవాడికి సరిగ్గా యాభై."

"ప్రాట్ గారేరీ?"

"ఆదివారం పోయాడు. న్యుమోనియా. అద్దె గదిలో ఒక్కడే. నీ జత కూడా ఆయనతోనే పోయిందిలే, అడ్డేం లేదు."

నడవా అవతల ఒక కుర్చీమీద నల్లగుడ్డ కప్పి ఉంది.

ఆరిన్ తిన్నగా గుమాస్తా బల్ల దగ్గరకు నడిచాడు.

"బెంటన్, నేను లేనప్పుడు ఆయన ఓటేశాడా?"

"ఒక్కరోజు కూడా లేదు." గుమాస్తా సభ పుస్తకం ఇటు తిప్పాడు. "గురువారమైతే సొంతవాళ్ళే బల్లలు గుద్ది మరీ అరిచారండీ, ఓటెయ్యమని. లేచి 'టటిల్‌తో జత' అన్నాడు, కూర్చున్నాడు."

"అంతగా అరవడమెందుకు?"

ఈలోపు గంట మోగింది. "మీరే చూసుకోండి," అని బెంటన్ పేర్లు పిలవడానికి లేచాడు.

ఆరిన్ పుస్తకం తీసుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. ప్రతి పేజీలోనూ అదే వరుస: ప్రాట్, టటిల్‌తో జత. గురువారం పేజీలో మాత్రం అతని వేలు చివరి వరకూ జారి, అక్కడ ఆగిపోయింది.

"టటిల్!"

ఆరిన్ లేచాడు.

"ప్రాట్ గారితో జత."

"చచ్చినవాడితో జతేంటయ్యా!" హాస్కెల్ అరిచాడు. "మతి పోయిందా?"

"ఇద్దరం ఇంకా ఈ కుర్చీల్లో కూర్చోలేదుగా."

ఆరిన్ మెల్లగా కూర్చున్నాడు. అతని వేలు ఇంకా ఆ పేజీమీదే ఉంది: విసిగిపోయిన రెండు పక్షాలవాళ్ళూ గురువారం సెనేటుకు నిలబెట్టిన కొత్త పేరు, ఎజ్రా ప్రాట్, వచ్చిన ఓట్లు, నలభై తొమ్మిది.