బుగ్గన దిష్టిచుక్క

దొంగ దొరికింది. కోదాడలో, నడిరోడ్డు మీద, నిలువెత్తు ఫ్లెక్సీతో సహా.

పని మీద కోదాడ వెళ్లిన భర్త నరేందర్ ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి ఫోన్‌లో పంపగానే ప్రవళికకు ఒళ్లు మండిపోయింది. మిర్యాలగూడలో పెళ్లికూతుళ్ల మేకప్ అంటే ఆమె పేరే చెబుతారు. ఆ పేరు తెచ్చింది ఒకే ఒక్క ఫొటో. సూర్యాపేట ఫంక్షన్ హాల్లో, ఒళ్లంతా పసుపుతో వచ్చి కూర్చున్న పెన్‌పహాడ్ పిల్లను కన్నతల్లే పోల్చుకోలేనంత అందంగా తయారుచేసి, తన ఫోన్‌తో తనే ఫొటో తీసి, తన ఫేస్‌బుక్ పేజీలో పెట్టుకుంది. అదే ఫొటో ఇప్పుడు కోదాడలో కొత్త పార్లర్ ముందు వేలాడుతోంది. ఈమధ్య కోదాడ గిరాకీ ఎందుకు పడిపోయిందో అర్థమైంది.

మర్నాడే ఇద్దరూ బండి మీద బయలుదేరారు.

"కింద నీ పేరు కోసేసిన్రు. గది నీ ఫొటోనే అని ఎట్ల రుజువు చేస్తవ్?" అన్నాడు నరేందర్.

"కోస్తరని నాకు ఎర్కనే. బుగ్గ మీద దిష్టిచుక్క సూసినవా? గది కాటుక కాదు, ఫోన్‌ల నేను పెట్టిన చుక్క. దగ్గర్నుంచి సూస్తే అండ్ల నా పేరుంటది. పెండ్లిపిల్ల దిష్టిచుక్క తుడిసే ధైర్యం ఎవరికుంటది?"

నరేందర్ మురిసిపోయాడు. ఇంత తెలివైన మనిషిని కట్టుకున్నందుకు దారిలో మిర్చి బజ్జీలు కూడా తినిపించాడు.

పార్లర్‌లో ఉన్నది ఒక్కతే. పేరు శోభ. లావుపాటి కళ్లజోడు, ముడేసిన జుట్టు, నూనె మొహం. ప్రవళికను చూడగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అయ్యో, మీరా అక్కా! కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

దొంగకు ఈ చనువేమిటి? ప్రవళిక ఆమెను బయటికి లాక్కొచ్చి ఫ్లెక్సీ ముందు నిలబెట్టింది. ఫొటో పెద్దదయ్యేసరికి చుక్క కూడా రూపాయి బిళ్లంత అయింది. అందులో తెల్లటి అక్షరాలు మసగ్గా కనబడుతున్నాయి.

"సదువు."

"ప్రవళిక, మిర్యాలగూడ," చదివింది శోభ బుద్ధిగా. "అబ్బ, ఏం తెలివక్కా మీది!"

"తెలివి సంగతి తర్వాత. ఈ పిల్ల మొహం ఎన్నడన్న సూసినవా నువ్వు?"

"రోజూ సూస్తనక్కా."

"ఫ్లెక్సీ మీద కాదు!" కసిరింది ప్రవళిక. "అడగకుండ ఫొటో పెట్టుకొని గిరాకీ పెంచుకునుడు దొంగతనమా, కాదా?"

"దొంగతనమే అక్కా. ఖాయంగ దొంగతనమే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ప్రవళిక అనుకోలేదు. నరేందర్ వంక గర్వంగా చూసి, "అయితే నడువు స్టేషన్‌కు!" అంది.

శోభ కళ్లజోడు తీసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఫ్లెక్సీలోని పెళ్లికూతురి పక్కన చెంపకు చెంప ఆనించి నిలబడింది. నరేందర్ నోరు తెరిచాడు.

"పోదాం పాండ్రి అక్కా," అని నవ్వింది శోభ. "నా పెండ్లి మొహం మీ పేజీల పెట్టుకునేటప్పుడు నన్ను ఒక్క మాటన్న అడిగిన్రా అని, నేను గూడ గాడనే కేసు పెడత!"