ఆరు నిమిషాల ఆవిరి

బూసాన్‌లో నా సినిమా వేశారు. ఆరు నిమిషాలు. తెర నిండా తెల్లటి ఆవిరి, అంతే. శబ్దం పెట్టలేదు, పెట్టడం నాకు రాదు.

నాన్నకు నచ్చకపోతే సోమవారం నుంచి ఆయనతో పాటు స్నానశాలలో జనం ఒళ్ళు రుద్దడానికి వెళ్ళాలి. అదీ మా ఒప్పందం. ఆ నాన్న నా పక్కనే కూర్చుని, మొదటి నిమిషంలోనే నిద్రపోయి గురక పెట్టాడు. దీపాలు వెలిగాకే లేచాడు.

తరవాత ఆనవాయితీ ప్రకారం నన్ను తెర ముందు నిలబెట్టి, మైకు ప్రేక్షకులకిచ్చారు.

"దర్శకుడు గారూ, ఆ తెలుపు రెండు ముక్కలైన మన కొరియానే కదండీ?" అంది కళ్ళద్దాలావిడ.

నేను వెనక్కి తిరిగి ఖాళీ తెరకేసి చూశాను.

"చూశారా, మౌనమే జవాబు," అన్నాడు వెనకాయన. అందరూ అది రాసుకున్నారు.

"ఆ శబ్దం మాత్రం అద్భుతమండీ. భూమి లోపల్నుంచి వస్తున్నట్టుంది. ఎలా పట్టారు?" అన్నాడో ప్రొఫెసరు.

హాలంతా చప్పట్లు. నాన్న కూడా బుద్ధిగా కొట్టాడు.

బయట బండి దగ్గర వేడి పులుసు తాగుతూ అడిగాను. "నచ్చలేదు కదా నాన్నా?"

"అది మన వేడినీళ్ళ తొట్టి ఆవిరే కదరా. చూడగానే పనిలో ఉన్నాననుకున్నా. కునుకు పట్టేసింది."

"పనిలో నిద్రపోతావా?"

ఆయన గిన్నెలోకి చూశాడు.

"మీ అమ్మకు చెప్పకు. సోమవారం నువ్వు రావద్దులే, ఇంకో సినిమా తీసుకో. నువ్వొస్తే నా కునుకు పోతుంది."