ఎనభై ఎనిమిదో నంబర్

"ఈ దున్నపోతు నాకొద్దు," అన్నాడు డెల్మర్, చేతిలో కార్డును బల్ల మీదకు విసిరేస్తూ. "జింకపిల్లను పెట్టుకుని దున్నపోతును ఎవడు దింపుతాడమ్మాయ్?"

కొరీన్ ఆ కార్డు తీసి మళ్లీ ఆయన ముందే పెట్టింది. దాని మీద ఎనభై ఎనిమిది, కింద ఆటగాడు ఆడే స్థానం, 'టైట్ ఎండ్'. పక్క కార్డు మీద పదకొండు, 'వైడ్ రిసీవర్'. పేర్లు లేవు. మతిమరుపు వచ్చి ఈ హోమ్‌లో ఉండే పెద్దవాళ్లకు పేర్లు నిలవవు.

"తొందరేం లేదు డెల్మర్ గారూ. జట్టులో ఇంకొక్క చోటే మిగిలింది. నిదానంగా ఆలోచించండి."

ఈరీ సరస్సు మీంచి లేచిన పొగమంచు కిటికీలను కమ్మేసింది. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గదిలో మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన చిల్లీ వాసన, హీటరు వెచ్చదనం. ఆ పాలవెలుగులో అందరూ ఒకే కల కంటున్నట్టు కూర్చున్నారు. ఇది ఈ ఏటి ఆదివారమో, ఎప్పటిదో అడిగితే కొరీన్ కూడా కాసేపు తడుముకునేది.

ఆదివారాలు వచ్చి ఇక్కడ ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడించేది ఆమే. ఒహాయోలో ఇది ఆడని ఇల్లుంటే చూపించండి! అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో దిగే ఆటగాళ్లను ముందే ఏరుకుని మన జట్టు మనం కట్టుకోవాలి. వాళ్లు అక్కడ చేత్తో బంతి పట్టి పరిగెత్తే కొద్దీ ఇక్కడ మనకు పాయింట్లు. కాకపోతే హోమ్‌లో వేసేది పాత మ్యాచ్. అదీ ప్రతివారం అదే మ్యాచ్. ఫలితం ఎవరికీ గుర్తుండదు గనుక ప్రతివారం కొత్తదే. ఒకందుకు అదృష్టవంతులు.

కొరీన్‌కు మాత్రం అంతా కంఠస్థం. పదకొండు నంబర్ ఆట మొదట్లోనే కాలు మడతపడి బయటికి పోతాడు. ఎనభై ఎనిమిది ఆ రోజు చెలరేగిపోతాడు. అయినా డెల్మర్ ప్రతిసారీ పదకొండునే పట్టుకుని ఓడిపోతాడు. చెబుదామంటే చెప్పకూడదు. ఎవరినీ సరిదిద్దకూడదు, వాళ్ల లోకంలో వాళ్లను ఉండనివ్వాలి, అదీ ఇక్కడి పద్ధతి. రేపు డెల్మర్‌ను మంచంపట్టినవాళ్ల విభాగానికి మారుస్తున్నారు. ఆయనకు ఇదే ఆఖరి ఆట. ఈ ఒక్కసారైనా ఆయన తనంతట తాను ఎనభై ఎనిమిదిని ఎంచుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ఇంకా తెమల్లేదా?" ఎదుటి కుర్చీలోంచి ఆర్విల్ కేకేశాడు. ప్రతివారం డెల్మర్ మీద పోటీకి దిగేది ఆయనే. "ఎలాగూ ఓడేవాడివేగా. త్వరగా ఓడు, చిల్లీ చల్లారిపోతోంది."

"నోర్ముయ్యవోయ్. పోయినవారం నిన్ను చిత్తు చేశాను కదా!"

"నువ్వా? నన్నా?" ఆర్విల్ అనుమానంగా కొరీన్ వైపు తిరిగాడు. "చేశాడా?"

"పోటాపోటీగా జరిగిందండీ," అంది కొరీన్.

డెల్మర్ పదకొండో నంబర్ కార్డు ఎత్తి ఆమెకు చూపించాడు. "ఇదిగో, వీడు అంచున నిలబడతాడు. రయ్యిమని పోయి గాల్లో బంతి అందుకుంటాడు. జనమంతా లేచి నిలబడతారు. ఆ టైట్ ఎండ్‌గాడికేముంది? గుంపులో పడి బతుకంతా ఎదుటివాణ్ణి నెట్టడమే. ఎప్పుడో సందు దొరికితే ఓ బంతి. వాడెవడో ఎవరికైనా గుర్తుంటుందా?"

"కొందరికి ఉంటుంది."

"నీకు వాడు తెలుసా ఏంటి?"

"కొంచెం. మంచివాడు."

డెల్మర్ ఎడమ చేత్తో చెంచా పట్టుకున్నాడు. చిటికెనవేలు మిగతా వేళ్లతో కలవకుండా పక్కకు పోయింది.

"వేలికి ఏమైంది?" అని అడిగింది కొరీన్.

"కారు తలుపులో పడింది," అన్నాడాయన. పోయినవారం కుక్క కరిచిందన్నాడు.

తర్వాత ఏమనుకున్నాడో, చెంచా దించేసి ఎనభై ఎనిమిది కార్డును చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో అంకెను నెమ్మదిగా నిమిరాడు.

"పొద్దున వీణ్ణి చూశాను," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడ?"

"ఆస్పత్రి మెట్ల మీద. రాత్రి వాళ్లావిడకు ఆడపిల్ల పుట్టిందట. వెర్రివాడిలా ఒక్కడే నవ్వుకుంటున్నాడు. కంటిమీద కునుకు లేదు పాపం."

కొరీన్ మిగిలిన కార్డులను సర్దసాగింది. "నిద్రలేని మనిషి ఏం ఆడతాడండీ?"

"ఆడతాడు. పొద్దున్నే పసిదాన్ని ఎత్తుకున్న చేతులమ్మాయ్ అవి. ఇవాళ దేన్నీ జారనివ్వవు."

ఆయన కార్డును ఖాళీచోట పెట్టాడు. కొరీన్ ముఖం తిప్పుకుని టీవీ పెట్టింది.

మంచులో ఆట మొదలైంది. పదకొండు నంబర్ కుంటుతూ బయటికి పోయాడు. ఎనభై ఎనిమిది గుంపులోంచి దూసుకొచ్చి బంతి పట్టాడు. ముగ్గురు మీద పడ్డారు. లేచేసరికి బంతి పొట్టకు హత్తుకునే ఉంది. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం పక్కకు వాలిపోయింది. హెల్మెట్‌లో ముఖం కనబడలేదు. వేలికి టేపు చుట్టుకుని మళ్లీ వరసలోకి వచ్చి నిలబడ్డాడు.

"జారనిచ్చాడా?" అన్నాడు డెల్మర్ గర్వంగా.

"గుడ్డి అదృష్టం," అని గొణిగాడు ఆర్విల్.

"లేదండీ, జారనివ్వలేదు," అంది కొరీన్.

డెల్మర్ కళ్లు మూతలు పడుతున్నాయి. ఎడమచెయ్యి కుర్చీ అంచున వాలింది. కొరీన్ దగ్గరగా జరిగి ఆ వంకర చిటికెనవేలిని గుప్పిట్లో పట్టుకుంది.

ఆ వేలు పట్టుకునే ఆమె నడక నేర్చుకుంది.