తియ్యమన్న పువ్వులు

"ఆ పిల్ల తలలో పువ్వులు సాయంత్రానికి కనపడకూడదు, కో కన్నారావ్," అన్నాడు పేట ఆఫీసు గుమాస్తా, బర్మా మర్యాదకి పేరు ముందు 'కో' తగిలించి.

కన్నారావు తలుపు వంక చూశాడు. పటాలు కట్టే తన కొట్టు తలుపుకి తాతల నాడు అతికించిన బొమ్మ అది. నూరేళ్ల కిందట ఏదో దొరల పుస్తకంలో అచ్చయింది. విరగబూసిన చెట్టు కింద, తలనిండా ఎర్రపువ్వులతో నవ్వుతున్న అయిదేళ్ల పిల్ల.

"బొమ్మే కదండీ."

"తలలో పువ్వంటే జైల్లో పెట్టిన నాయకురాలి గుర్తు. పెట్టుకుంటే సర్కారుని ఎదిరించినట్టే. పొద్దున చౌక్తడా పేటలో ముగ్గురు ఆడవాళ్లని సిపాయిలు లారీ ఎక్కించారు. ఎక్కించేవాళ్లు బొమ్మా మనిషా అని చూడరు."

"మరి చెట్టు పువ్వులో?"

"చెట్టు సంగతి నాకు చెప్పలేదు. మా ఆఫీసరు గారి ఫొటో పటం కట్టావా?"

"అయింది. సాయంత్రం పట్టుకెళ్లండి."

గుమాస్తా వెళ్లాక బొమ్మని ఊడదియ్యబోతే మూల చిరిగింది. చేసేదిలేక రంగుల పెట్టె తెచ్చి, పువ్వుల మీద నల్లరంగు పుయ్యడం మొదలెట్టాడు. ఒక్క చుక్క జారలేదు. భయానికి ఇంత పనితనం ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలీదు. తల బోసిపోయినా ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

"పువ్వులు తీసేత్తన్నావేటి నాన్నా?" కూతురు అరుణశ్రీ వచ్చి నిలబడింది. దానికీ అయిదేళ్లే.

"తియ్యమన్నారు."

"ఎవులు?"

"ఆఫీసరు."

"ఆ పటంలో ఆయనా? ఆయనకెందుకు?"

"పెట్టుకోడానికి."

"ఆయనకి జుట్టే నేదు గదా. ఎక్కడెట్టుకుంటాడు?"

"చెవి వెనకాల. పని చేసుకోనీ, లోపలికి పో."

అది రంగుల పెట్టె వంక ఓసారి చూసి, వెళ్లిపోయింది. ఎవరి మీది కోపం ఎవరి మీద చూపించాడో కన్నారావుకి తెలుస్తూనే ఉంది. తెలిసినకొద్దీ చిరాకు పెరిగింది.

సాయంత్రం గుమాస్తా వచ్చి తలుపు ముందు నిలబడి తల పంకించాడు. "బాగుంది. ఇలా ఉంటే ఎవరికీ గొడవలేదు. మా పటమేదీ?"

"లోపల బల్ల మీద ఉంది, తీసుకోండి." అతని మొహం చూడాలనిపించక కన్నారావు కుంచె కడుగుతూ ఉండిపోయాడు.

ఎర్రరంగు సీసా కనపడలేదు.

గుమాస్తా ఎంతకీ బయటికి రాలేదు. లోపలినుంచి అరుణశ్రీ గొంతు వినిపించింది, ముద్దు ముద్దు బర్మా మాటల్లో.

"ముట్టుకోకండి, తడి ఆరలేదు. పువ్వులన్నీ ఒక చెవికి పట్టలేదని రెండు చెవులకీ పెట్టాను."