గొడుగు బాబాయ్

"ఆ పెద్ద అలల చోటికైతే నేను రాను. నువ్వొక్కదానివే వెళ్లి మునుగు," అన్నాడు మొగుడు, పెళ్లయి నెలైనా తిరగలేదన్న మొహమాటం లేకుండా.

"మునిగితే తీస్తావనేగా నిన్ను చేసుకుంది!"

"నాకు ఈత రాదని పెళ్లికి ముందే చెప్పాను."

"పెళ్లికి ముందు చెప్పినవన్నీ ఎవరు నమ్ముతారు?" అంది కొత్త పెళ్లాం.

భోజనాల బల్ల మీద ఇద్దరి కంప్యూటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. అతను తన కంప్యూటర్ పక్కకు నెట్టి, ఓ పిల్లల పుస్తకం అట్ట మీద మొసలికి కుంచెతో రంగు వేస్తున్నాడు. అతని పని ఎక్కడ కూర్చున్నా సాగుతుంది. ఆమె తెరలో సగం ఆఫీసు, మిగతా సగం రెండు సముద్రాలు. సర్ఫింగ్ చేసేవాళ్లు ఇంట్లోంచే అలలు చూసుకోవడానికి రెండు తీరాల్లోనూ కెమెరాలు పెట్టారు. రెండుచోట్లా కొబ్బరిచెట్లే, రెండుచోట్లా గోరువెచ్చటి నీళ్లే. ఒకచోట అలలు పిల్లిపిల్లల్లా వచ్చి కాళ్లు నాకిపోతున్నాయి. రెండోచోట పులుల్లా దూకుతున్నాయి. తెల్లారగానే అలలు, ఆ తర్వాత ఆఫీసు పని. అలా ఒక్క నెల అక్కడ గడపాలని ఇద్దరి ఆలోచన. తేల్చుకోవాల్సిందల్లా పిల్లులా, పులులా అన్నదే.

"అక్కడ నెట్ ఉంటుందన్న నమ్మకమేంటి?" అన్నాడతను, చివరి అస్త్రంగా.

"గొడుగు బాబాయ్ ఉన్నాడుగా!"

వారం రోజులుగా ఆమెకు అన్నం సయించకుండా చేస్తున్న మనిషతను. పులుల తీరంలో ఓ పసుప్పచ్చ గొడుగు. ఎండ తెర మీద పడకుండా సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటాడు. గొడుగు వంచి ఉండటంతో మొహం కనబడదు. గుండ్రటి బొజ్జ, ఒళ్లో లాప్‌టాప్, గాలిలో ఊగే రెండు చేతులు, వెనక ఇసుకలో ఎర్రటి సర్ఫ్ బోర్డు. ఆమెకు తెలిసిన బాబాయ్ అంతే.

"ఎవరై ఉంటాడంటావ్?"

"రిటైరైన మనిషి."

"రిటైరైతే పొద్దస్తమానం లాప్‌టాప్ ఎందుకూ?"

"రచయితేమో."

"రచయితలు అలా చేతులూపుతారా? ఎవర్నో దులిపేస్తున్నాడు చూడు."

"అయితే పెళ్లాంతో మాట్లాడుతున్నాడు."

"పెళ్లాంతో మాట్లాడేవాడు చేతులు కట్టుకుంటాడు," అందామె. అతను చటుక్కున తన చేతులకేసి చూసుకుని, కుంచె పట్టుకుని ఉండటంతో ఊపిరి పీల్చుకున్నాడు.

ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని చూశారు. బాబాయ్ లాప్‌టాప్ మూసి, బోర్డు చంకన పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. అంతదూరంలో చీమంత అయ్యాడు. అల వచ్చింది. చీమ నిలబడింది. మరుక్షణం బొక్కబోర్లా పడింది. మళ్లీ లేచింది. అల తర్వాత అల, పడటం, లేవటం.

"ఆ వయసులో ఆయనకున్న గుండె నాకు లేకపోతే ఎలా?" అని గొణిగాడు మొగుడు. "సరే తల్లీ, పులులే ఖాయం."

అతని బుగ్గ మీది రంగు తన మూతికి అంటుకునేలా ఆమె ముద్దు పెట్టింది. ఇక మిగిలింది ఒక్కటే, మేనేజరు ఒప్పుకోవాలి. జవాబు ఇవాళ్టి మీటింగులోనే చెబుతానన్నారాయన.

టైమయింది. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. తెర మీద మేనేజరుగారి ఫోటో వచ్చింది. మెడకు టై, బిగించిన పెదాలు. ఆయన కెమెరా ఎప్పుడూ పెట్టరు. గొంతు వెనక ఎప్పటిలాగే ఏసీ హోరు.

"మీ మెయిల్ చూశానమ్మా. నెల రోజులు సముద్రం ఒడ్డునుంచి పని చేస్తారా?"

"అవును సార్. ఒక్క మీటింగు కూడా మానను. అక్కడ నెట్ చాలా బాగుంది సార్, నేను స్వయంగా..."

"నెట్ సంగతి కాదు, మనసు సంగతి. ఇంటినుంచి పని అంటే ఇంటినుంచే. ఎదురుగా అలలు పెట్టుకుని ఎవరైనా పని చేస్తారా? నన్ను చూడండి. పొద్దున ఆఫీసు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా కదలను. క్రమశిక్షణ అంటే అదీ!"

ఆమె మొగుడికేసి తిరిగి తల అడ్డంగా ఊపింది. అతని కుంచె ఆగిపోయింది. అతను బల్ల కిందనుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏడుపు రాకుండా ఉండాలని ఆమె కళ్లను సముద్రం మీదకు మళ్లించింది.

బాబాయ్ అప్పటికే మళ్లీ గొడుగు కిందకు చేరి ఉన్నాడు. ఆయన వెనకాల ఇందాకటివాటికంటే పెద్ద అల ఒకటి లేచింది. ఒడ్డు దాటి ఇసుకలోకి పాకి, ఎర్ర బోర్డును మెల్లగా ఎత్తుకుంది. పాపం, ఆయనకు తెలియనే తెలియదు.

"కాబట్టి మీకు నేను చెప్పేదేమిటంటే..." అంటున్నారు మేనేజరు.

"అయ్యో గొడుగు బాబాయ్!" ఆమె కేక పెట్టేసింది. "వెనక్కి చూడు! నీ ఎర్ర బోర్డు కొట్టుకుపోతోంది!"

మొగుడు తల పట్టుకున్నాడు. ఆమె నాలుక కరుచుకుంది. మైకు ఆన్‌లోనే ఉంది. మేనేజరు మాట మధ్యలోనే తెగిపోయింది. సముద్రం సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే పోయిందనుకుందామె.

అంతలో తెర మీద గొడుగు బాబాయ్ చటుక్కున లేచి, వెనక్కి తిరిగి, బోర్డు వెంట పరుగందుకున్నాడు. ఆమె చెవుల్లో మేనేజరుగారి ఆయాసం వినిపించింది.