అనుమతి ఎవరిచ్చారు?

సభ మొదలవకముందే హాలు కిటకిటలాడిపోయింది.

"ఇస్లామీయ రాజనీతి: సంప్రదాయమా, ఆధునికతా?" అని చర్చ. ఒక పక్క మదరసా పెద్దాయన, ఇంకో పక్క కాలేజీ లెక్చరరు.

లెక్చరరుకి కాలు నిలవడం లేదు. ఇవాళ నెగ్గితే, ముందు వరసలో కూర్చున్న పాఠ్యపుస్తకాల కమిటీ ఓటుతో అతని చేతిలోని పుస్తకం వచ్చే ఏడు పాఠ్యగ్రంథం అవుతుంది. దాన్ని రాసినవారిది కలం పేరు, ప్రచురణకర్త తప్ప మనిషిని ఎవరూ చూడలేదు. ఒక్కసారి కలవనివ్వండి అంటూ లెక్చరరు మూడేళ్ళుగా ప్రచురణకర్త ద్వారా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

"గురువు దగ్గర చదివి, ఆయన చేత్తో అనుమతిపత్రం తీసుకున్నవాడే గ్రంథానికి అర్థం చెప్పాలి. అది మా పద్ధతి," అన్నారు పెద్దాయన.

"చదవడం వచ్చినవాడికి ఇంకొకరి అనుమతి దేనికండీ?"

చప్పట్లు హోరెత్తాయి. లెక్చరరు రెచ్చిపోయాడు.

"ఈ పుస్తకం చెప్పేది ఒక్కటే. పాతదంతా పక్కన పడేయండి, సొంతంగా ఆలోచించండి!"

చివరి వరసలో ఒక ముసలాయన లేచాడు.

"అంతమాట అందులో లేదు బాబూ. సొంతంగా ఆలోచించమన్నదీ, పాలకుడు జనాన్ని సంప్రదించాలన్నదీ ఆ పాతవాళ్ళే. వాళ్ళని గెంటేస్తే ఆ మాటలూ వాళ్ళతోనే పోతాయి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. గెలుపు చేజారిపోతోందని లెక్చరరుకి ఒళ్ళు మండింది.

"మీరేం చేస్తుంటారు?"

"గడియారాలు బాగుచేస్తాను."

"మరి ఈ పుస్తకానికి అర్థం చెప్పే అనుమతి మీకెవరిచ్చారు?"

జనం గొల్లుమన్నారు. మదరసా పెద్దాయన మాత్రం నవ్వలేదు, విస్తుపోయి లెక్చరరు వైపు చూశారు.

"ఎవరూ ఇవ్వలేదు బాబూ," అని ముసలాయన మెల్లగా బయటికి నడిచాడు.

కమిటీ పుస్తకానికే ఓటు వేసింది! విద్యార్థులు లెక్చరర్ని అమాంతం భుజాలకెత్తుకున్నారు.

అంతలో ప్రచురణకర్త రొప్పుకుంటూ వచ్చాడు.

"దారిలో ఇరుక్కుపోయాను సార్. కలిశారా ఆయన్ని?"

"ఎవర్ని?"

"మన రచయితగార్ని! మీ ఉత్తరాలకి కరిగిపోయారు. 'చెప్పకుండా వెళ్ళి వెనక కూర్చుంటాను, ఆ అబ్బాయి మాట్లాడుతుంటే వినాలి' అన్నారు."

లెక్చరరు భుజాల మీంచి కిందికి దూకాడు.

"ఎలా ఉంటారు?"

"చూస్తే పండితుడని ఎవరూ అనుకోరు లెండి. పాపం, గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతారు."