హగా గారికి అర్థం కాలేదు

"నా బుర్రకెక్కలేదయ్యా నెజూ! మళ్లీ మొదట్నుంచి చెప్పు."

హగా గారు చెయ్యెత్తగానే మీటింగులో కుర్రకారు ముసిముసిగా నవ్వుకుంది.

నాగానో కొండల్లో పంపులు తయారుచేసే కంపెనీ అది. రిటైరైన హగా గారిని మరో ఏడాది గడువుతో ఉండమని, కిటికీ పక్కన కుర్చీ వేశారు.

ఫోర్‌మన్ నెజూ గొంతు సవరించుకున్నాడు. నీళ్లు కారకుండా సీలు బిగించే పద్ధతి మళ్లీ వివరించాడు.

సెక్షన్ హెడ్ సెత్సుకో వాచీ చూసుకుంది. పెద్దవాళ్లు కంపెనీ వదిలేలోగా వాళ్ల పనితనమంతా కుర్రవాళ్లకు అందాలి. ఆ బాధ్యత ఆమె నెత్తిన ఉంది. ఈ తాతగారేమో ప్రతి మీటింగునీ జీడిపాకంలా సాగదీస్తున్నారు.

ఆ సాయంత్రం ఆయన ముందు టీ పెట్టి, మెత్తగానే చెప్పింది.

"రేపట్నుంచి మీటింగులకి మీరు శ్రమపడి రానక్కర్లేదు హగా గారూ."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదమ్మా, అందుకని..."

"మరీ అన్నిసార్లా?"

ఆయన నవ్వేశారు. "సరేలేమ్మా."

నెలాఖరుకి గడువు తీరింది. ప్రతి టేబుల్ దగ్గరా వంగి నమస్కరించి ఇంటికెళ్లిపోయారు.

మీటింగులు చకచకా ముగుస్తున్నాయి.

"అర్థమైందా?"

"అయ్యిందండీ!" అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవారు.

సెత్సుకో ప్రాణం హాయిగా ఉంది, కొత్త పంపులన్నీ కారుతూ తిరిగొచ్చేదాకా.

"సీలు బిగించడం అర్థం కాలేదని ఒక్కరైనా చెప్పొచ్చుగా!" సెత్సుకో కుర్రవాళ్ల మీద విరుచుకుపడింది.

కొత్తగా చేరిన అయానో కళ్లు తుడుచుకుంది.

"నెజూ గారంతటివారు చెప్పాక, అందరి ముందూ అర్థం కాలేదని ఎలా అంటామండీ? ఆయన మొహం చిన్నబోదూ? మేం అడగలేనివన్నీ హగా గారే అడిగేసేవారు."

సెత్సుకో గుండె కలుక్కుమంది. ఎంత మంచి మనిషిని మీటింగులకి రావద్దంది! తిన్నగా నెజూ పనిచేసే షెడ్డుకి నడిచింది.

"నెజూ గారూ, రేపు ఆ సీలు సంగతి మళ్లీ చెప్పాలి. ఈసారి అర్థం కాలేదని నేను అడుగుతాను. పాపం, హగా గారికైనా చివరికి బోధపడిందా?"

నెజూ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమెను వింతగా చూశాడు.

"భలేవారండీ! ఆయన చెయ్యెత్తితే నాకు చెమటలు పట్టేవి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు, తనకి తెలుసంటే పిల్లలు మళ్లీ మూగనోము పడతారట. ఈ సీలు బిగించడం నాకు చెయ్యి పట్టుకుని నేర్పిన గురువు ఆయనేనండీ."